నోటీసుకి అల్లుడి మర్యాద

గోదావరి జిల్లాల మర్యాద గురించి కొత్తగా చెప్పేదేముంది. సంక్రాంతికి కొత్తల్లుడు గడప తొక్కితే వంద రకాలు వడ్డించి, అతగాడు తినలేక బిక్కమొహం వేస్తే ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టుకుంటాం. అలాంటి నేల మీద ఒక అతిథికి మాత్రం ఘోరమైన అవమానం జరుగుతోంది. ఆ అతిథి పేరు ఆదాయపు పన్ను బకాయి నోటీసు. కాళ్ళకి నీళ్ళివ్వరు, కూర్చోమనరు, అసలు తలుపే తీయరు. డెల్టా పరువు కోసమైనా ఎవరో ఒకరు మాట్లాడాలి కాబట్టి నేను పూనుకుంటున్నాను.

మా బావగారి సంగతే చూడండి. భీమవరం పక్కన నాలుగెకరాలు. వరి వేసినన్నాళ్ళూ ఆదాయపు పన్ను అన్న మాట ఆ ఇంట్లో వినపడలేదు. వ్యవసాయ ఆదాయం మీద ఆ పన్ను లేదు కదా. తర్వాత అదే పొలం తవ్వించి రొయ్యల చెరువు చేశారు. సర్వే నంబరు అదే, గట్టు అదే, రాత్రిళ్ళు నిద్ర పట్టకపోవడమూ అదే. కానీ పన్ను వాళ్ళ లెక్కలో వరి వ్యవసాయం, రొయ్య వ్యాపారం. "వరి మాత్రం నీళ్ళలో పెరగలేదేంటి బావా?" అని ఆయన వాదన. గట్టి వాదనే. టీకొట్టు దగ్గర, రేవు దగ్గర, రెండు పెళ్ళిళ్ళలో వినిపించారు. వినాల్సిన ఆఫీసు ఒక్కటే మిగిలిపోయింది.

ఇంతలో డిమాండ్ నోటీసు వచ్చింది. పోస్టుమేన్ సైకిలు దిగి సంతకం పెట్టించుకున్నాడనుకునేరు. ఈమెయిల్‌కి వచ్చింది. ఆ ఈమెయిల్ బావగారిది కాదు, మూడేళ్ళ కిందట రిటర్ను వేసిపెట్టిన షాపులో కుర్రాడిది. కుర్రాడు షాపు మానేసి హైదరాబాద్ వెళ్ళిపోయాడు. ఒక మనిషి సంపాదన, అప్పు, పాన్ నంబరు, పాస్‌వర్డు అన్నీ మోసుకుంటూ ఎక్కడో మెట్రో రైలెక్కి తిరుగుతున్నాడు, పాపం ఆ సంగతి అతనికే గుర్తులేదు. కబురు ఊరు చేరేసరికి పదకొండు రోజులు. కట్టడానికి గడువు ముప్ఫై.

ముందుగా చేయవలసినవి చేశారు. అంతర్వేది నరసింహస్వామికి మొక్కుకున్నారు. కాకినాడలో "మనోడు" ఒకడున్నాడంటే కనుక్కున్నారు. మనోడు రవాణా శాఖలో ఉన్నాడని తేలింది. దాంతో పదిహేనో రోజు.

తర్వాత పెద్దమనుషులు కూర్చుని, పొలం అక్కయ్య పేర రాసేయమని తీర్మానించారు. తరతరాలుగా వస్తున్న ఉపాయం. తీరా చూస్తే పన్ను చట్టం ఆ ఉపాయాన్ని ఎప్పుడో చదివేసింది. 1973 జూన్ 1 తర్వాత సరైన ప్రతిఫలం లేకుండా భార్య పేరనో, మైనరు పిల్లల పేరనో, ఆఖరికి కోడలి పేరనో బదిలీ చేసిన ఆస్తిని బాకీదారు ఆస్తిగానే లెక్కగట్టి వసూలు చేయొచ్చట. కోడల్ని కూడా మర్చిపోలేదు చూశారా! ఆ వాక్యం రాసినాయన తప్పకుండా మన వైపు సంబంధం చేసుకునే ఉంటాడు. అయితే కఠినాత్ముడేం కాదు. జప్తుకి వచ్చినా వంటపాత్రలు, కట్టుబట్టలు, పరుపులు ముట్టుకోకూడదు, ఆచారం ప్రకారం ఆడవాళ్ళు తీయకూడని నగ జోలికి పోకూడదు. ఆ మాట వినగానే మా అక్కయ్య పుస్తెలు కళ్ళకద్దుకుంది. ఇత్తడి గంగాళం వంటపాత్ర కిందికి వస్తుందా అని కూడా అడిగింది.

జప్తు మనకి కొత్తేమీ కాదు. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయితే, శిస్తు బకాయిలు వసూలు చేసే రెవెన్యూ రికవరీ చట్టం 1864లో వచ్చింది. ముందు నీళ్ళు, వెనకాలే జప్తు చేసే అమీను. దొరకి ఊరూరా విగ్రహాలున్నాయి. చట్టం మెడలో దండ వేసినవాణ్ణి మాత్రం నేనెరగను. అది ఇంకా బతికే ఉంది.

ఓపిక పట్టడమే మందు అనే వర్గం ఇంకొకటి ఉంది. వీళ్ళకి 2024లో గొప్ప బలం వచ్చింది. ఆ ఫిబ్రవరి బడ్జెట్‌లో కేంద్రం పాత చిన్న బాకీలు కొట్టేస్తామంది: 2009-10 దాకా అయితే 25 వేల వరకు, 2010-11 నుంచి 2014-15 దాకా అయితే 10 వేల వరకు. "చూశావా, కట్టనివాడే తెలివైనవాడు" అని మా వీధి అరుగు మీద ఒకాయన మీసం తిప్పాడు. ఆయన బాకీ ఏడు వేలు. మా బావగారిది ఆ తూకం కాదు, ఆ కాలమూ కాదు. అదే ఏడు అక్టోబర్లో పన్ను తగాదాలు రాజీ చేసుకునే "వివాద్ సే విశ్వాస్" పథకం రెండోసారి తెరిచారు, వడ్డీ, జరిమానా మాఫీ అన్నారు. అదీ అప్పటికే అప్పీలు వేసి పోట్లాడుతున్నవాళ్ళకే. నోరు మూసుకుని కూర్చున్న మర్యాదస్తుడికి అందులో చోటు లేదు. పైగా ఇప్పుడు 1961 చట్టం పోయి, 2026 ఏప్రిల్ నుంచి 2025 చట్టం అమల్లోకి వచ్చింది కాబట్టి పాత బాకీ కూడా పోయినట్టేనని ఒకాయన కొత్త సిద్ధాంతం తెచ్చాడు. సెక్షన్ల నంబర్లు మారాయి. బాకీ ఇల్లు మారలేదు.

ఇరవై నాలుగో రోజున మేనకోడలు కాకినాడ నుంచి దిగింది. అక్కడ ఆడిటర్ దగ్గర పనిచేస్తుంది. లాప్‌టాప్‌లో ఆదాయపు పన్ను వెబ్‌సైటు తెరిచి, మొదట ఈమెయిల్ మార్చింది, తర్వాత తండ్రిని కూర్చోబెట్టింది.

"నాన్నా, ఇక్కడ 'డిమాండ్ సరైనదే' అని ఒకటుంది, 'ఒప్పుకోను' అని ఒకటుంది. మొదటిది నొక్కితే మళ్ళీ కాదనడానికి లేదు."

"పెళ్ళి చూపులే నయం" అన్నారు బావగారు.

లెక్క తప్పయితే సరిదిద్దమని అర్జీ పెట్టొచ్చు. ఒప్పుకోకపోతే అప్పీలు వేయొచ్చు, కానీ అప్పీలు వేసినంత మాత్రాన వసూలు ఆగదు, మామూలుగా వివాదంలో ఉన్న మొత్తంలో 20 శాతం కడితే ఆపుతారు. ఇదంతా విని బావగారు చాలాసేపు చెరువు వైపు చూశారు. లెక్క తప్పు కాదని ఆయనకి తెలుసు. మాకూ తెలుసు.

ఇక్కడ అసలు విచిత్రం బయటపడింది. కట్టని బాకీ మీద ప్రభుత్వం వేసే వడ్డీ నెలకి ఒక శాతం. మన భాషలో నూటికి రూపాయి, పెద్దలు ధర్మవడ్డీ అనేవారు. కాకపోతే నెలలో ఒక్కరోజు దాటినా నెలంతా కిందే లెక్క. ఈ రూపాయి వడ్డీ భయానికి బావగారు అప్పటికే మేత షాపాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి మాట్లాడొచ్చారు! ఇంకోటి, కదలకుండా కూర్చుంటే పన్ను వాళ్ళు బ్యాంకు ఖాతా పట్టుకోవడమే కాదు, మనకి బాకీ ఉన్నవాళ్ళకి కూడా నోటీసిచ్చి ఆ డబ్బు నేరుగా తమకే కట్టమనొచ్చు. బావగారి మొహం వెలిగిపోయింది. మూడు నెలలుగా ఫోనెత్తని రొయ్యల వ్యాపారి పేరు, ఊరు, బండి నంబరుతో సహా చెప్పేశారు.

"అంతదాకా వద్దు నాన్నా. గడువు లోపల అడిగితే వాయిదాలు ఇవ్వొచ్చు. ఇచ్చి తీరాలని లేదు. ఒక్క వాయిదా తప్పినా మిగతాదంతా ఒకేసారి మీద పడుతుంది."

కిస్తీలు, పంట మీద ఇస్తాననడం మనకి వెన్నతో పెట్టిన విద్య. ఆ మాట కాగితం మీద, ముప్ఫై రోజుల్లోపల రాయడమే ఇంటావంటా లేదు. ఇరవై తొమ్మిదో రోజు రాత్రి కరెంటు పోయి వచ్చాక రాశాం. ఆరు వాయిదాలు అడిగాం, మొదటిది పట్టుబడి అయ్యాక. పట్టుబడి అన్న మాట అధికారి వేరేగా అర్థం చేసుకుంటాడేమోనని కొట్టేసి, రొయ్యలు పట్టాక అని మార్చాం. మహారాజశ్రీ అని మొదలుపెడతానంటే మేనకోడలు ఒప్పుకోలేదు.

అంతా అయ్యాక బావగారు లోపలికెళ్ళి ఆత్రేయపురం పూతరేకుల డబ్బా పట్టుకొచ్చారు.

"దరఖాస్తుతో పాటు ఇవి కూడా పంపితే బాగుంటుందేమోనే. ఉట్టి చేతుల్తో ఏం అడుగుతాం?"

"పీడీఎఫ్ ఒక్కటే తీసుకుంటుంది నాన్నా" అంది మేనకోడలు, డబ్బా మూత తీస్తూ.