‘రిఫాంపిసిన్ సెన్సిటివ్’ అంటే సగం జవాబే

టీబీ అనుమానం వస్తే విజయవాడలోనైనా గుంటూరులోనైనా ఇప్పుడు తెమడకు ముందు చేసేది సీబీనాట్ లేదా ట్రూనాట్ అనే జన్యు పరీక్ష. సీబీనాట్ అయితే రెండు గంటల్లోపే టీబీ ఉందో లేదో, ఉంటే టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో తేల్చేస్తుంది. ‘రిఫాంపిసిన్ సెన్సిటివ్’ అని రాగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు, ఒక్కోసారి డాక్టరు కూడా. అది తొందరపాటు.

సీబీనాట్ చూసేది టీబీ క్రిమి ఆర్‌పీఓబీ జన్యువులో 81 డీఎన్ఏ అక్షరాల ముక్కను. రిఫాంపిసిన్‌ను తట్టుకునే మార్పుల్లో సుమారు 95 శాతం అక్కడే ఉంటాయి కాబట్టి ఆ మేరకు నమ్మొచ్చు. టీబీకి మరో ముఖ్యమైన మందు ఐసోనియాజిడ్ జోలికి మాత్రం అది పోదు. 2014-16 జాతీయ సర్వేలో కొత్త రోగుల్లోనే సుమారు 11 శాతం మందిలో, అంతకుముందు మందులు వాడినవారిలో 25 శాతం మందిలో టీబీ క్రిమి ఐసోనియాజిడ్‌కు లొంగలేదు. వీళ్లకూ నాలుగు మందుల మామూలు కోర్సే ఇస్తే, రెండు నెలలకు పైరజినమైడ్ ఆగాక భారమంతా రిఫాంపిసిన్, ఇథాంబుటాల్ మీదే పడుతుంది. తర్వాత చేజారేది రిఫాంపిసినే.

ఐసోనియాజిడ్ సంగతి తేల్చేది ఎల్‌పీఏ (లైన్ ప్రోబ్ అస్సే) అనే మరో జన్యు పరీక్ష. పట్టీ మీది గీతల్ని బట్టి కాట్‌జీ, ఇన్‌హెచ్‌ఏ జన్యువుల్లో మార్పు తెలుస్తుంది. మారింది ఏదన్నదీ చూడాలి. కాట్‌జీ అయితే డోసు పెంచినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఇన్‌హెచ్‌ఏ ఒక్కటే అయితే పెంచిన డోసు పనిచేయొచ్చు గానీ, ఇథియోనమైడ్ అనే మరో టీబీ మందు పనికిరాకుండా పోతుంది.

చిక్కేమిటంటే, తెమడలో క్రిములు మైక్రోస్కోపుకు కనిపించేంత ఉంటేనే ఎల్‌పీఏ నేరుగా చేస్తారు. లేకపోతే ముందు కల్చర్ పెట్టాలి, అంటే ల్యాబులో క్రిమిని పెంచాలి. అందుకు వాడే ఎంజీఐటీ ట్యూబులో క్రిమి పెరగలేదని తేల్చడానికే 42 రోజులు. ఈలోగా దెబ్బ కొట్టేది మన ఎండ. మే నెలలో నలభై డిగ్రీలు దాటిన వేడిలో ఐస్ ప్యాకులు లేకుండా నమూనా పంపితే వేరే బ్యాక్టీరియా పెరిగిపోతుంది. దాన్ని చంపడానికి ల్యాబులో సోడియం హైడ్రాక్సైడ్ వాడతారు. పావుగంట, ఇరవై నిమిషాలు మించితే టీబీ క్రిమి కూడా చస్తుంది.

అందుకే ఎల్‌పీఏ, కల్చర్‌ల కోసం పంపే రెండో తెమడ డబ్బాను చిన్నచూపు చూడకూడదు. మంచినీళ్లతో పుక్కిలించి, గుండెల నిండా గాలి పీల్చి దగ్గితే వచ్చే చిక్కటి తెమడ 2 నుంచి 5 మిల్లీలీటర్లు కావాలి. నోట్లో ఊరే ఉమ్ము పనికిరాదు. పేరు, నంబరు డబ్బా ఒంటి మీద రాయాలి. మూత మీద రాస్తే, ల్యాబులో మూతలు మారితే మనిషే మారిపోతాడు.

సీబీనాట్‌లో ‘రెసిస్టెంట్’, అంటే రిఫాంపిసిన్‌కు లొంగదని వచ్చినా కళ్లు మూసుకుని నమ్మకూడదు. మునుపెన్నడూ మందులు వాడనివారిలో, రిపోర్టులో క్రిముల సంఖ్య ‘వెరీ లో’ (చాలా తక్కువ) అని ఉన్నచోట, తాజా తెమడతో మరోసారి పరీక్ష చేయించాలి.