తీరిక రొట్టె

2025 జూలైలో సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు, మా వదినతో కలిసి కావలి నుంచి రైల్లో నెల్లూరుకు రొట్టెల పండగ చూడటానికి వెళ్ళాను. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా పక్కన, స్వర్ణాల చెరువులో జరిగే ఈ పండగ గురించి మన జిల్లాలవాళ్ళకు చెప్పనక్కర్లేదు గానీ, ఇక్కడ అమెరికాలో పుట్టి పెరిగిన పిల్లల కోసం ఒక మాట చెప్పాలి. మనసులో ఏదైనా కోరిక ఉన్నవారు తలపై కొంగు కప్పుకుని నీళ్ళలో నిలబడి, అదే కోరిక అంతకుముందు తీరినవారి చేతి నుంచి రొట్టె అందుకుంటారు. తమ కోరికా తీరాక మళ్ళీ వచ్చి, అలాంటి రొట్టెనే మరొకరి చేతిలో పెడతారు. కులం, మతం అడిగేవారుండరు. ఉద్యోగ రొట్టె, వివాహ రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె అంటూ జనం పిలుచుకుంటూ తిరుగుతుంటే, తడిసిన కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నా పక్కన నిలబడ్డ మా వదిన చెవి దగ్గరికి వంగి, "అమ్మాయ్, తీరిక రొట్టె యాడిస్తారో కాస్త అడగవే" అంది.

ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం. తిరుగు రైల్లో మాత్రం ఆ మాట నన్ను వదల్లేదు. ఆ రొట్టె మా వదినకు దొరకాలంటే, తీరిక కావాలని కోరుకుని, ఆ కోరిక తీరిన తల్లి ఒకరు ముందుగా ఆ చెరువుకు రావాలి కదా. నాకు తెలిసినవాళ్ళలో అలాంటి తల్లి ఎవరున్నారా అని కావలి స్టేషను వచ్చేదాకా ఆలోచించాను; ఒక్కరూ తట్టలేదు.

మా వదిన కందుకూరు వైపు ఒక పల్లెలో, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కల టీచరు. కూతురు ఇంటర్మీడియట్, కొడుకు ఏడో తరగతి. మా అమ్మ మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేదు. మా అన్నయ్య రొయ్యల చెరువులు కౌలుకు తీసుకుని చేస్తాడు. రాత్రి కరెంటు పోతే నీళ్ళకు గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోతాయి కాబట్టి జనరేటరు వేయడానికి ఏ అర్ధరాత్రైనా పరుగెత్తాలి. వాడి కష్టాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ వాడు చెరువు దగ్గర ఉన్నప్పుడు చెరువు పనే చేస్తాడు. మా వదిన ఏ పని చేస్తున్నా దానితోపాటు ఇంకో మూడు పనులు చేస్తూనే ఉంటుంది. పొద్దున ఒక పొయ్యి మీద కుక్కరు, ఇంకో పొయ్యి మీద కారం దోసె. దోసె అంచు లేచేలోపు తడి చేతిని కొంగుకు తుడుచుకుని కొడుకు డైరీలో సంతకం. సంతకం పెడుతూనే కుక్కరు విజిళ్ళు లెక్కపెట్టడం. ఒకరోజు పక్కన నిలబడి నేను ఏదో అడిగితే, "ఆగు, రెండో మూడో మర్చిపోతా" అని వేళ్ళు చూపించింది. ఆదివారం సాయంత్రమే మామిడికాయ ముక్కలు వేసి చేపల పులుసు కాచి పెట్టేస్తుంది, సోమవారం ఇంట్లోవాళ్ళు అదే తింటారు. చేపల పులుసు మర్నాటికే రుచి అన్నది నిజమే. అయితే ఆ సంగతి మొదట కనిపెట్టింది మాత్రం తెల్లారితే పనికి పోవలసిన ఆడమనిషే అయి ఉంటుందని నా అనుమానం.

ఆమెకంటూ ఒక సంతోషం ఉంది. మిద్దె మీద సన్నజాజి తీగ. సాయంత్రం చీకటి పడకముందు, మొగ్గలు ఇంకా విచ్చుకోనప్పుడే కోయాలి. కోసి, తడిపిన అరటినారతో కట్టాలి. మా వదిన పైకి వెళ్ళి, స్టీలు గిన్నె పిట్టగోడ మీద పెట్టి, ఒక్కొక్క మొగ్గనే గిల్లుతుంటే, బడిలో, వంటింట్లో కనిపించే మనిషి కాదనిపిస్తుంది. భుజాలు కిందికి దిగుతాయి, ముఖంలో బిగువు సడలుతుంది. ఒకనాడు నేను కూడా పైకి వెళ్ళి పక్కన కూర్చున్నాను. కోతకూ కట్టడానికీ కలిపి అరగంట కూడా పట్టని ఆ పనిలో ఆమెను మూడుసార్లు పిలిచారు: మేనల్లుడు ఛార్జరు కనబడలేదని, మా అమ్మ మాత్రలు ఏ డబ్బాలో ఉన్నాయని, అన్నయ్య ఫోనులో కరెంటు బిల్లు ఎక్కడ పెట్టావని. ఛార్జరు వాడి మంచం మీదే ఉంది. మూడోసారి కిందికి దిగాక ఆమె మళ్ళీ పైకి రాలేదు. కోయని రోజుల్లో ఆ మొగ్గలన్నీ తీగ మీదే విచ్చుకుని, తెల్లారేసరికి మిద్దె నిండా రాలి ఉండేవి. వాటిని ఊడ్చేదీ ఆమే.

ఇలాంటి తల్లులకు మనం ఇచ్చే సలహా ఏమిటి? మహిళా దినోత్సవం, మార్చి 8 వచ్చిందంటే ఇక్కడి మన తెలుగు సంఘంలోనూ ఒక సభ పెడతాం, ఉద్యోగమూ ఇల్లూ సమతుల్యం చేసుకోవడం ఎలా అని ఎవరో ఒకరు మాట్లాడతారు. ఉదయం పది నిమిషాలు ధ్యానం చేయండి, కాఫీ ప్రశాంతంగా తాగండి, చిన్నచిన్న విషయాల్లో ఆనందం వెతుక్కోండి అని చెబుతారు. వినేవాళ్ళందరూ ఆడవాళ్ళే. నాకు ఆ సలహాలతో పేచీ లేదు, ఆ సలహాలు ఎవరికి చెబుతున్నామన్న దానితోనే పేచీ. సమతుల్యం అంటే త్రాసు మాట. త్రాసు ఒకవైపు ఒరిగిపోతే, తట్టలో బరువు కొంత తీసి రెండో తట్టలో వేస్తాం. త్రాసు పట్టుకున్న చేతిని ఇంకాస్త నిబ్బరంగా ఉండమని ఏ కొట్టులోనూ ఎవరూ చెప్పరు.

అసలు తీరిక అన్న మన మాటలోనే ఒక చిక్కు ఉంది. తీరడం అంటే అయిపోవడం. చేయవలసిన పని తీరితే వచ్చేది తీరిక. పొలం పనికి తీరిక ఉంది, కోత అయి కుప్ప నూర్చాక రైతుకు కొన్నాళ్ళు ఊపిరాడుతుంది. ఆఫీసు పనికి తలుపు మూసే వేళ ఉంది. ఇంటి పనికి అలాంటి అంతం లేదు: గిన్నెలు కడిగిన చేతికే మళ్ళీ గిన్నెలు వస్తాయి. అందుకే, పనంతా అయ్యాక కూర్చుంటాలే అనుకునే తల్లి ఎన్నటికీ కూర్చోదు. దానికి తోడు, ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్న సామెత ఒకటి. ఇంట్లో నలుగురు ఉంటే, చెదిరిన పక్కబట్టలకు ఒక్కరినే చూడమనడం ఏం న్యాయమో ఆ సామెత చెప్పదు.

ఇది మా ఇంటి ముచ్చట మాత్రమే కాదు. భారత జాతీయ గణాంక కార్యాలయం 2019లోనూ, మళ్ళీ 2024లోనూ దేశమంతటా ప్రజలు రోజును ఎలా గడుపుతున్నారో లెక్క తీసింది. ఇంట్లోవాళ్ళ కోసం జీతం లేని ఇంటి పనికి 2019లో ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చించారు. 2024లో అవి 289, 88 అయ్యాయి. ఆడవాళ్ళకు పది నిమిషాలు తగ్గాయని సంతోషించేలోపు, మగవాళ్ళకూ తొమ్మిది నిమిషాలు తగ్గాయని కనబడుతుంది. పైగా ఇది ఆ రోజు ఇంటి పనిలో చెయ్యి పెట్టినవారి సగటు మాత్రమే. పెట్టనివారిని ఇందులో కలపలేదు.

అయితే దారి లేదా? దారి మన నెల్లూరు ఆడవాళ్ళు ముప్పై ఏళ్ళ కిందటే చూపించారని నా అభిప్రాయం. 1990 దశకం మొదట్లో జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు, పగలంతా పొలంలోనూ ఆ తర్వాత పొయ్యి దగ్గరా ఒళ్ళు హూనం చేసుకున్న ఆడవాళ్ళు రాత్రిపూట పలక పట్టుకుని కూర్చున్నారు. ఆ గంటసేపు వాళ్ళు ఎవరికీ వండలేదు, ఎవరికీ వడ్డించలేదు. జిల్లాలోని దూబగుంట అనే పల్లెలో అలా కూడిన ఆడవాళ్ళే తమ ఊరి సారా కొట్టును మూయించారు. వాళ్ళకు ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992లో ఊరూరికీ పాకిన ఆ ఉద్యమం కారణంగా 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఈ కథను మనం సారా గురించి మాత్రమే చెప్పుకుంటాం. దానికి ముందు, ఇంటి నుంచి బయటికి తెచ్చుకున్న ఆ రాత్రి గంట ఒకటి ఉందని మర్చిపోతాం.

ఆ వెనకే, ఆడవాళ్ళు సంఘాలుగా కూడి డబ్బు దాచుకునే పొదుపులక్ష్మి వచ్చింది. రోజుకు ఒక్క రూపాయి, నెలకు 30 రూపాయలు. మా అమ్మ కూడా సభ్యురాలు. ఇక్కడ ఒక విషయం గమనించాలి: ఆ రూపాయి ఖర్చులన్నీ పోగా మిగిలింది కాదు. మిగిలితే దాచుకుందామనుకుంటే ఆ ఇళ్ళలో ఏనాడూ రూపాయి మిగిలేది కాదు. పొద్దున లేవగానే ఉప్పు జాడీ పక్కనున్న డబ్బాలో రూపాయి పడేది, ఆ తర్వాతే కూరగాయల లెక్క, పాల లెక్క. నెలకోసారి సాయంత్రం రామాలయం అరుగు మీద మీటింగు. ఆ రోజు అమ్మ ఎండ ఉండగానే వంట ముగించి, ముఖం కడుక్కుని, పూలు పెట్టుకుని వెళ్ళిపోయేది. మా నాన్న దాన్ని రూపాయి మీటింగు అని ఎగతాళి చేసేవారు. మొదట్లో సణుగుతూ, తర్వాత్తర్వాత సణుగుడు మాని, అన్నం గిన్నె మూత తీసి తనే వడ్డించుకుని మాకూ పెట్టేవారు. ఆ పొదుపు సంఘం ఇచ్చిన అప్పుతో కొన్న గేదె సంగతి అమ్మ ఇప్పటికీ చెబుతుంది గానీ, దానికంటే ఎక్కువగా చెప్పేది, లెక్కలు అయ్యాక ఒకామె లేచి వాళ్ళ అత్తగారిలా నడిచి చూపించేదని, అందరూ కడుపులు పట్టుకునేవాళ్ళని. "అంతసేపు నవ్వినా ఎవురూ పిలిచేటోళ్ళు లేరు గదా ఆడ" అంటుంది.

నేను చెప్పదలచింది ఇదే. తల్లి సంతోషానికి కావలసిన కాలాన్ని మిగులులోంచి కాక, పొదుపు రూపాయిలాగా ముందే తీసి పక్కన పెట్టాలి. ఆ పక్కన పెట్టడం ఆమె ఒక్కతే చేయగలిగింది కాదు, ఇంట్లో అందరికీ తెలిసి జరగాలి. రోజూ గంట కుదరకపోతే వారానికి ఒక సాయంత్రం. అది ఏ రోజు, ఏ వేళ అన్నది ఖాయంగా ఉండాలి. కుదిరినప్పుడు చూద్దాం అన్న మాట వినబడిందంటే ఆ సాయంత్రం పోయినట్టే.

పిల్లలను, ఉద్యోగాన్ని ఒంటిచేత్తో నెట్టుకొస్తున్న తల్లుల మాటేమిటని అడగవచ్చు. వాళ్ళకు ఇంటిలోపలి చేయి లేదు కాబట్టి పొరుగు చేయి కావాలి, మన సంఘం చేయగలిగిన సాయం అక్కడుంది. మేముండే న్యూజెర్సీలో సంక్రాంతి సంబరాలకు పిల్లల నృత్యాల రిహార్సళ్ళు, పులిహోర, ముగ్గుల పోటీ అన్నీ అమ్మల మీదనే నడుస్తాయి. ఆ అమ్మలకే మళ్ళీ వేదిక మీద శాలువా కప్పుతాం. శాలువాల డబ్బుతో నెలకో శనివారం మధ్యాహ్నం పిల్లలను చూసుకునే ఏర్పాటు చేస్తే, నా మటుకు నాకు శాలువా అక్కర్లేదు.

నా తప్పు కూడా ఒప్పుకోవాలి. మావారు బట్టలు మడతపెడితే, ఆయన అటు తిరగగానే మళ్ళీ విప్పి నా పద్ధతిలో మడతపెట్టేదాన్ని. ఒకసారి ఆయన అది చూశారు, ఏమీ అనలేదు, ఆ తర్వాత కొన్ని నెలలు బట్టల జోలికి రాలేదు. పని చేతులు మారాలంటే, వంకర మడతలను కొంతకాలం చూస్తూ ఊరుకోవడం నేర్చుకోవాలి. అది నాకు ధ్యానం కంటే కష్టంగా ఉంది.

ఊరి నుంచి బయల్దేరే ముందు ఇదంతా అన్నయ్య ముందు కూర్చుని చెప్పాను. వాడు మొదట, "ఏందమ్మా, అమెరికా నుంచి నాకు మీటింగు పెట్టను వచ్చినావా" అన్నాడు. మా అమ్మే మంచం మీద నుంచి, "మీ నాయిన పెట్టుకోని తిన్లా?" అని వాడి నోరు మూయించింది. బుధవారం సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా అని ఖాయం చేశారు. అన్ని బుధవారాలూ నిలబడుతున్నాయని చెప్పలేను. చెరువులో రొయ్యలకు జబ్బు తగిలిన నెలలో ఒక్కటీ నిలవలేదట.

మొన్న బుధవారం ఆ సంగతి గుర్తులేక, పిల్లలను బడికి పంపబోతూ వదినకు ఫోను చేశాను. అన్నయ్య ఎత్తాడు. వెనక కుక్కరు కూస్తోంది. "మీ వదిన మిద్దె మీదుంది, గంటాగి చెయ్యి" అని, నేను ఏమన్నా అనేలోపే, "ఉండు, ఇది మూడోదో నాలుగోదో" అంటూ పెట్టేశాడు.