వంకాయా, బెండకాయా?

(ఆదివారం, ఉదయం 11 గంటలు. ముందుగదిలో సుబ్బారావు కంప్యూటర్ ముందు కూర్చుని, విమానం నడిపే ఆటలో ఎయిర్‌బస్ ఏ320ని శంషాబాద్‌లో దింపుతున్నాడు. తెర నిండా పొగమంచు. కామాక్షి వంటింట్లోంచి వచ్చింది.)

కామాక్షి: వంకాయా, బెండకాయా? ఇది మూడోసారి అడగడం.

సుబ్బారావు: వెనకాల 180 మంది ప్రాణాలు నా చేతిలో ఉంటే కూరలేమిటే! ఉండు, లోకలైజర్ దొరికింది.

కామాక్షి: ఎవడండీ వాడు?

సుబ్బారావు: రేడియో సిగ్నల్. రన్‌వే అవతలి చివర యాంటెన్నా ఉంటుంది. మనం ఎడమకి జరిగామో కుడికి జరిగామో చెబుతుంది. ఎత్తు సంగతి చూడ్డానికి గ్లైడ్ స్లోప్ అని ఇంకోటి. మూడు డిగ్రీల వాలు, నిమిషానికి సుమారు 700 అడుగులు దిగుతాం.

కామాక్షి: వాళ్ళిద్దరూ దారి చూపిస్తుంటే మీరేం చేస్తున్నట్టు?

సుబ్బారావు: చక్రాలు దించాను, ఫ్లాప్స్ ఫుల్! వెయ్యి అడుగులకి వచ్చేసరికి స్పీడూ వాలూ అన్నీ కుదురుకోవాలి తెలుసా?

కామాక్షి: పెళ్ళై ముప్ఫై ఏళ్ళయినా కుదురుకోని మనిషి! అదేమిటి, 2,600 అని చూపిస్తోంది?

సుబ్బారావు: అది సముద్రమట్టం నుంచి. శంషాబాద్ నేలే 2 వేల అడుగుల పైన ఉంది. నేలకి 200 అడుగుల ఎత్తుని ‘మినిమమ్’ అంటారు. అక్కడ రన్‌వే లైట్లు కనిపించాయా, దిగడం. లేదా, పైకి లేచిపోవడం. నాన్చుడుండదు.

కామాక్షి: అక్కడికక్కడే తేల్చేస్తారా?

సుబ్బారావు: అక్కడికక్కడే!

కామాక్షి: ఆహా. కిందకి జారిపోతూ తేల్చే మనిషికి, కుర్చీలో కూర్చుని పొద్దున్నుంచీ ఒక్క కూర తేలలేదు.

కంప్యూటర్: హండ్రెడ్ అబవ్.

సుబ్బారావు: మాట్లాడకు! మినిమమ్‌కి ఇంకో వంద అడుగులే!

కంప్యూటర్: మినిమమ్.

కామాక్షి: కనబడిందా?

సుబ్బారావు: ఏదో తెల్లగా... లైట్లేనేమో... ఇంకో పదడుగులు చూసి...

కామాక్షి: లైట్లేనేమో ఏమిటండీ! వెనకాల 180 మంది! లేపండి పైకి!

(సుబ్బారావు ఉలిక్కిపడి పవర్ మొత్తం ఇచ్చేశాడు. విమానం ముక్కు పైకెత్తింది.)

సుబ్బారావు: గో అరౌండ్... అమ్మయ్య. టెన్షన్‌తో చొక్కా తడిసిపోయింది.

కామాక్షి: మళ్ళీ చుట్టు తిరిగి రావడానికి ఎంతసేపు?

సుబ్బారావు: పావుగంట.

కామాక్షి: ఆటోపైలట్ ఉందిగా? లేవండి, కత్తిపీట అక్కడే ఉంది. ఏది తరుగుతారు?

సుబ్బారావు: వంకాయ... అంటే, బెండకాయ అయితే లేతగా... కానీ జిగురు...

కామాక్షి: మినిమమ్!

సుబ్బారావు: ...పప్పుచారు పెట్టెయ్యవే.