ప్రశ్న ఉత్పన్నం కాదు

శ్రీకాకుళం జిల్లాకు ఎనిమిది మంది శాసనసభ్యులు. వారిలో ఒక్కరికీ తీరిక లేదన్న సంగతి జిల్లాలో పెళ్ళిపత్రిక అచ్చువేయించిన ప్రతివాడికీ తెలుసు. శుభకార్యాలు, పరామర్శలు, శంకుస్థాపనలు పోగా మిగిలిన వేళలో శాసనాలు కూడా చూసుకోవాలి పాపం. ఆ భారం కొంత తగ్గిద్దామనే సదుద్దేశంతో, చెవి మిషను, బీపీ మిషను వంటి, డాక్టర్లు చీటీ మీద రాసే పరికరాల గురించి సభలో అడగదగిన ఒక నమూనా ప్రశ్నను నేనే తయారుచేశాను. ఎనిమిది మందిలో ఎవరైనా వాడుకోవచ్చు. పార్టీ పట్టింపు లేదు, రుసుము లేదు.

ఇది నక్షత్రపు గుర్తు గల ప్రశ్న అయి తీరాలి. గుర్తు లేని ప్రశ్నకు కాగితం మీద జవాబు వస్తుంది, అంతటితో సరి. నక్షత్రం ఉంటే మంత్రిగారు లేచి నిలబడి చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. ప్రభుత్వానికి పట్టపగలు చుక్కలు చూపించడానికి సభా నియమాలు ఒప్పుకునే మార్గం ఇదే.

మొదట ‘ఎన్ని పరికరాలు పంపిణీ చేశారు?’ అని రాశాను. వెంటనే కొట్టేశాను. ఆ ప్రశ్న కోసమే ప్రభుత్వాలు కాచుకుని కూర్చుంటాయి. అడగకముందే జవాబు సిద్ధంగా ఉంటుంది, ఫొటోతో సహా. కాబట్టి ఇలా మార్చాను:

ఆరోగ్య శాఖ మంత్రిగారు దయచేసి ఈ క్రింది విషయాలు తెలియజేస్తారా: (అ) ఇంతవరకు పంచిన పరికరాలలో నేటికీ పనిచేస్తున్నవి ఎన్ని అనే లెక్క ప్రభుత్వం వద్ద ఉన్నదా, (ఆ) ఉన్నచో, ఆ వివరాలు ఏమిటి, (ఇ) లేనిచో, అందుకు కారణాలు ఏమిటి?

అధికారులకు శ్రమ ఎందుకని జవాబు కూడా రాసి పెట్టాను. (అ) లేదండి. (ఆ) ప్రశ్న ఉత్పన్నం కాదు. (ఇ) ప్రశ్న ఉత్పన్నం కాదు.

లెక్క లేదన్నాక (ఇ) ఉత్పన్నం కాక తప్పదు కదా అని తర్కం తెలిసినవారు అడగవచ్చు. అయితే ఒకసారి ఉత్పన్నం కావడం మానేసిన ప్రశ్నను పక్క వరుసలో మళ్ళీ ఉత్పన్నం చేయించడం కాగితం మర్యాద కాదు.

నాకు ఈ సంగతుల మీద ఆసక్తి పుట్టించింది పొందూరులో ఉన్న మా మామయ్య. డెబ్భై దాటిన మనిషి, మగ్గం దిగి చాలా కాలమైంది. చెవి డాక్టరు చీటీ రాశారు. ఆ చీటీ పట్టుకుని ఒక శిబిరానికి, అక్కడి కాగితం పట్టుకుని ఇంకో శిబిరానికి తిరగ్గా తిరగ్గా చెవి మిషను చేతికొచ్చింది. ఎవరి శిబిరమో, ఏ పథకమో చెప్పను. ఇచ్చినవారి పేరు బయటపెట్టి నిందించడం మా ఇంటా వంటా లేదు. వేదిక మీదకు పిలిచారు, శాలువా కప్పారు, మిషను చెవికి తగిలించారు, ఫొటో తీశారు. అప్పటి నుంచి సభ ముగిసేదాకా మామయ్యకు లోకమంతా వినిపించింది, ముఖ్యంగా ఉపన్యాసాలు. వాటిని వినలేకపోవడం ఒక లోపమని అంతవరకూ ఆయనకు తెలియదు.

డబ్బాలో ఇచ్చిన గుండీ బ్యాటరీలు చూస్తుండగానే అయిపోయాయి. ఆ రకం బ్యాటరీ రెండు వారాలు దాటితే గొప్ప. పొందూరు కొట్లో గోడగడియారం బ్యాటరీ ఇచ్చారు, టార్చిలైటుది చూపించారు. ఇది మాత్రం లేదన్నారు. శ్రీకాకుళం బస్సెక్కి, ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల నాలుగు మందుల దుకాణాలు తిరిగితే ఒకచోట దొరికింది. రెండు నెలలు అలాగే తిరిగాడు. ఆ తర్వాత బ్యాటరీ ఖరీదు, బస్సు ఛార్జీ ఒకవైపు, చెవిన పడే మాటల విలువ ఇంకోవైపు పెట్టి తూచి చూసుకుని మానేశాడు. “అంత ఖర్చుపెట్టి విన్నా, మీ అత్త చెప్పేది నలభై ఏళ్ళుగా విన్నదే కదా” అన్నాడు.

ఏనుగును ఇచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టడం అని సామెత. ఇక్కడ పేచీ పెట్టినవారు కూడా ఎవరూ లేరు. ఏనుగుకు అంకుశం అనేదొకటి కావాలన్న సంగతి జాబితా రాసినవారి చెవిన పడలేదు, అంతే.

అదే ఇంట్లో మా అత్త దగ్గర ఇంకో పరికరం ఉంది. వాలుగ చేప దవడ. పొందూరు సన్న ఖద్దరుకు పత్తిని ఏకేది ఆ దవడ పళ్ళతోనే. దానికి బ్యాటరీ లేదు, వారంటీ లేదు, ఎవరూ ప్రారంభోత్సవం చేయలేదు. అరిగితే ఏం చేయాలో, కొత్తది ఎక్కడ దొరుకుతుందో ఆమెకు తెలుసు. పరికరాల విధానం రాసే పెద్దలెవరైనా ఒక పూట ఆమె పక్కన కూర్చుంటే బాగుండును. కానీ ఆమె చెప్పింది రాసుకోవలసి వస్తుంది, అదీ చిక్కు.

చట్టం మాత్రం పరికరాలకు పెద్దపీట వేసిందని ఒప్పుకోవాలి. 2017 నాటి వైద్య పరికరాల నియమాలు వాటిని ప్రమాదాన్ని బట్టి ఎ, బి, సి, డి అని నాలుగు తరగతులు చేశాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ చట్టం దృష్టిలో ఔషధాలే. అంటే మామయ్య చెవిలో ఉన్నది మిషను కాదు, మందు. ఈ ముక్క నేను కాగితం మీద రాసి చూపించగానే ఆయన ఉత్సాహంగా మందులిచ్చే కిటికీ దగ్గరకు వెళ్ళి బ్యాటరీ అడిగాడు. లోపలి మనిషి కూడా పాపం కాగితం మీదే రాసి చూపించాడు: ‘ఇక్కడ మందులే ఇస్తాం.’

వయసు మళ్ళిన పేదలకు చేతికర్రలు, వాకర్లు, కట్టుడు పళ్ళు, చెవి మిషన్లు ఇచ్చే కేంద్ర పథకం రాష్ట్రీయ వయోశ్రీ యోజన మన నెల్లూరులోనే మొదలైంది. తేదీ 2017 ఏప్రిల్ 1. ఇదీ ఏప్రిల్ ఒకటేనా అని నవ్వేవారు ఉంటారు. ఆర్థిక సంవత్సరం ఆ రోజే మొదలవుతుంది, ఇందులో హాస్యానికి తావు లేదు. ఇచ్చిన పరికరానికి ఏడాదిపాటు ఉచిత మరమ్మతు అని ఆ పథకంలో రాసి ఉంది. దివ్యాంగులకు ఉపకరణాలిచ్చే మరో కేంద్ర పథకం ఏడీఐపీలో పెద్దవాళ్ళు ఒకసారి తీసుకుంటే మూడేళ్ళ దాకా మళ్ళీ అడగకూడదు. పరికరానికి మూడేళ్ళ ఆయుష్షు రాసిన చేత్తోనే బ్యాటరీకి కూడా రాసి ఉంటే మామయ్య గండం గడిచేది.

షుగరు మిషనుది ఇదే వరస. మిషను ఒకసారి కొంటారు, స్ట్రిప్పులు బతికినంతకాలం కొంటారు. 2025 సెప్టెంబరు 22 నుంచి రెండింటి మీదా జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. తగ్గింపంతా మన దాకా చేరితే, ఇదివరకు పదిహేనుసార్లు వేలు గుచ్చుకునే డబ్బుతో ఇప్పుడు పదహారుసార్లు గుచ్చుకోవచ్చు. కృతజ్ఞతలు.

ఉద్దానం దగ్గరకు వచ్చేసరికి నాకు ఈ ధోరణి సరిగా సాగదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరితోటల మధ్య ఊళ్ళలో ఇంతమందికి మూత్రపిండాల జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ తేల్చి చెప్పినవారు లేరు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. ఇవి చిన్న పనులు కావు. అయితే జబ్బు డయాలసిస్ దాకా పోకుండా నెమ్మదించాలంటే రక్తపోటు అదుపులో ఉండాలి, ఇంటి దగ్గర చూసుకుంటూ ఉండాలి అని డాక్టర్లు చెబుతారు. అలా చూసుకోవడానికి కావలసిన బీపీ మిషను, పలాసలో జీడిపిక్కలు కొట్టే మనిషికి ఎన్ని రోజుల కూలి? దీన్ని అనుబంధ ప్రశ్నగా ఉంచాను. రిబ్బను కట్టడానికి చోటు లేనంత చిన్న పరికరం కాబట్టి సభ దృష్టికి వస్తుందో రాదో.

విశాఖపట్నంలో వైద్య పరికరాల తయారీ కోసమే మెడ్‌టెక్ జోన్ ఉంది. పొద్దున్నే శ్రీకాకుళంలో బస్సెక్కితే మధ్యాహ్న భోజనానికి చేరవచ్చు. కోవిడ్ రోజుల్లో వెంటిలేటర్లు తయారైన చోటు. దీపం కింద చీకటి అని నేను అనను. పొందూరు అంత దగ్గర కాదు.

ప్రశ్నను కవరులో పెట్టి అంటించబోతుండగా, లెక్క లేదని నేను రాసింది పొరపాటని తేలింది. పరిశీలన కోసం మామయ్య ఇంటికి ఒకాయన ఫారం పట్టుకుని వచ్చారు. గౌరవం కోసం మామయ్య బ్యాటరీ లేని మిషను చెవికి తగిలించుకుని కూర్చున్నాడు. ఎదురుగా అత్త పత్తి ఏకుతోంది.

“బాగా పనిచేస్తోందా?” అని ఆయన అడిగారు.

పెదాల కదలికను బట్టి మామయ్య సగం పట్టుకున్నాడు. అత్త వైపు చూసి, “మోకాళ్ళ నొప్పులున్నా పొద్దున్నుంచి రాత్రి దాకా పనిచేస్తుందండి” అన్నాడు.

“గొడవ ఏమైనా పెడుతోందా?”

“పెడుతుందండి. నాకు వినపడదు కదా.”

ఆయన ‘పరికరం వినియోగంలో ఉన్నది’ అన్న గడిలో టిక్కు పెట్టి, మామయ్య చేత సంతకం చేయించుకుని వెళ్ళిపోయారు. కాబట్టి (అ)కు జవాబు సవరించాను: ఉన్నదండి. పొందూరులో ఒకటి.