ఆయాసానికి ఆధారాలు కావాలి

పూర్వం మనిషికి ఆయాసం వస్తే వచ్చిందని అతనే చెప్పేవాడు, విన్నవాళ్ళు నమ్మేవాళ్ళు. ఇంత అశాస్త్రీయమైన ఏర్పాటుతో మానవజాతి ఇన్ని వేల ఏళ్ళు ఎలా పరుగెత్తిందో తలుచుకుంటేనే గుండె దడదడలాడుతుంది. నిమిషానికి ఎన్నిసార్లో మాత్రం గడియారం చూడకుండా చెప్పలేను. ఛాతీకి కట్టిన పట్టీ నుంచి మణికట్టుకు తీగ లేకుండా గుండె లెక్కను చేరవేసే పరికరాన్ని ఫిన్లండ్‌కు చెందిన పోలార్ సంస్థ 1982లో తీసుకురావడంతో ఆ చీకటి యుగం ముగిసింది. అంతకుముందు మన వైద్యులు మూడు వేళ్ళతో నాడి పట్టి వాత పిత్త కఫాల సంగతి తేల్చేవారు గానీ, నాడి పట్టుకుని మన వెంట పరుగెత్తేవారు కాదు. ఉన్న లోపం అదొక్కటే.

నాకిప్పుడు యాభై ఏళ్ళు. ఆగస్టులో నెక్లెస్ రోడ్డు మీద మొదలై గచ్చిబౌలిలో ముగిసే 42.195 కిలోమీటర్ల పరుగు కోసం సాధన చేస్తున్నాను. పరుగులో అధికభాగం నెమ్మదిగా, అంటే గుండె వేగాన్ని బట్టి విభజించిన అంచెల్లో కింది నుంచి రెండోదైన జోన్ 2లో సాగాలనీ, అలా సాగితే కండరాల్లో మైటోకాండ్రియాలూ రక్తకేశనాళికలూ పెరిగి, ఒళ్ళు కొవ్వును ఇంధనంగా వాడుకోవడం నేర్చుకుంటుందనీ పెద్దలు చెబుతారు. అది నిజమే, కాదనను. అయితే నెమ్మది అంటే ఎంత నెమ్మది అన్న ప్రశ్న దగ్గర శాస్త్రం నాకు ఒక సమాధానం కాదు, నాలుగు ఇచ్చింది.

220లోంచి వయసు తీసేస్తే నా గుండె గరిష్ఠ వేగం 170. అందులో అరవై నుంచి డెబ్బై శాతం, అంటే 102 నుంచి 119 వరకు నా జోన్. విశ్రాంతిలో ఉన్నప్పటి స్పందనను కూడా లెక్కలోకి తీసుకోవాలన్న కార్వోనెన్ పద్ధతిలో, నాది 60 కాబట్టి, అదే జోన్ 126 నుంచి 137కు జరుగుతుంది. మొదటి లెక్క ప్రకారం ప్రమాదంలో ఉన్న మనిషి రెండో లెక్క ప్రకారం ఇంకా సాధన మొదలే పెట్టలేదు. 180లోంచి వయసు తీసేయమనే శిక్షకుడు మాఫెటోన్ నా హద్దును 130 దగ్గర గీస్తాడు. 2001లో తనకా బృందం చెప్పిన సూత్రం నా గరిష్ఠాన్ని 173 చేసి, మూడు స్పందనలు కొసరుగా ఇచ్చింది. అన్నిటికీ మూలపురుషుడైన ఆ 220 సూత్రమైతే ప్రత్యేకించి చేసిన ప్రయోగంలోంచి పుట్టింది కాదు; 1971 నాటి సమీక్షలో అప్పటికి దొరికిన కొద్దిపాటి అంకెల మధ్య నుంచి గీసిన గీత అది. ఒకే ఈడు వాళ్ళ మధ్య పది పన్నెండు స్పందనల తేడా సహజమని కూడా అంటారు. మా తరంలో ముహూర్తాలకు ఇంతకంటే గట్టి ఆధారాలు ఉండేవి.

అయినా నేను క్రమశిక్షణ గలవాణ్ణి కనుక 119నే శిరసావహించాను. ఫలితంగా కేబీఆర్ పార్కులో రబ్బరు చెప్పులూ మంకీ క్యాపూ వేసుకున్న ఒక పెద్దాయన నన్ను దాటిపోతూ, జాలిపడి వెనక్కి తిరిగి, "ఏం నాయనా, కాలు బెణికిందా?" అని అడిగారు. "లేదండీ, జోన్‌లో ఉన్నాను" అన్నాను. "ఏ జోను, ఖైరతాబాదా, శేరిలింగంపల్లా?" అన్నారు. ఆ ప్రశ్నకు జవాబు వెతికేలోగా నా గుండె 124కు చేరి గడియారం మోగింది. ఆగి నిలబడక తప్పలేదు.

గడియారం ఎన్నడూ తప్పు చెప్పదని నేను అనను. మణికట్టు మీద పచ్చని వెలుతురు వేసి, చర్మం కింద రక్తం పొంగడాన్ని బట్టి అది గుండెను లెక్కిస్తుంది. చెయ్యి ఊపు ఆ పొంగుతో కలిసిపోతే అడుగులనే స్పందనలుగా నమోదు చేస్తుంది. ఒకనాడు హాయిగా పాట పాడుకుంటూ పరుగెత్తుతుండగా 172 చూపించింది. అది నా కాళ్ళ లెక్క అని తర్వాత తెలిసింది గానీ, అప్పటికి నేను గడియారం మాట విని, గట్టుమీద కూర్చుని, ఇంటికి ఫోను చేసి, వీలునామా సంగతి ప్రస్తావించాను. ఇప్పుడు ఛాతీ పట్టీకి మారాను. అది గుండె విద్యుత్తును నేరుగా అందుకుంటుంది కానీ, కట్టుకునే ముందు తడపాలి; రోజూ తెల్లవారుజామున నేను దాన్ని నీళ్ళతో తడపడం చూసి మా అమ్మ ఇన్నాళ్ళకు సంధ్యావందనం మొదలుపెట్టాడని సంతోషిస్తోంది.

ఇవేవీ లేకుండా, పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగినంత వేగమే సరైన వేగమని చెప్పే చాదస్తులు ఇంకా ఉన్నారు. తెలుగువారికి ఈ పరీక్ష వర్తించదని నా దృఢాభిప్రాయం. రాజకీయాలు మాట్లాడవలసివస్తే మనవాడు ఆక్సిజన్ గొట్టం పక్కకు తీసి మరీ వాక్యం పూర్తిచేస్తాడు.

నిర్వాహకులకు ఒకే ఒక విన్నపం. ఉక్కపోతలో చర్మాన్ని చల్లబరచడానికి రక్తం అటు మళ్ళి, చెమట రూపంలో నీరు పోయి, వేగం పెరగకుండానే స్పందన పెరుగుతుంది. దానికి తోడు దారిలో ఫ్లైఓవర్లు. కాబట్టి జోన్ దాటకుండా గచ్చిబౌలి చేరాలంటే నాకు ఆగస్టు నుంచి దసరా దాకా గడువు కావాలి. గమ్యం దగ్గర బల్లలు అప్పటిదాకా ఉంచగలరు.

ఈ వ్యాసం రాయడానికి నేను గంటసేపు ఎంతో ఆవేశపడ్డాను. ఆ గంటంతా గడియారం 61 చూపించి, దాన్ని విశ్రాంతి కింద రాసుకుంది.