ఆటల పీరియడ్ ఆట రానివాళ్ళది

పోయిన గురువారం మా అమ్మాయి బడి నుంచి ఒక కాగితం తెచ్చి బ్యాగు అడుగున, టిఫిన్ డబ్బా కింద పెట్టింది. పెట్టింది కాదు, దాచింది. ఏడో తరగతి, పన్నెండేళ్ళు. లెక్కల్లో మార్కులు తగ్గితే కూడా దాచని పిల్ల. తీసి చూస్తే ఫిట్‌నెస్ కార్డు. ఖేలో ఇండియా పద్ధతిలో బడుల్లో పెడుతున్న పరీక్షలే: ఎత్తు, బరువు, 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు, కాళ్ళు చాపుకుని కూర్చుని వేళ్ళు అందుకోవడం, వెల్లకిలా పడుకుని భుజాలు పైకి లేపడం, పుషప్స్.

"ఇందులో దాచేదేముందే?" అన్నాను. అన్నం తిని, మంచం ఎక్కి, లైటు తీసేశాక చెప్పింది. బరువు చూసేటప్పుడు సారు అంకె గట్టిగా చదువుతుంటే ఇంకో పిల్ల రాసుకుందట. దీని అంకె వినగానే వెనక లైన్లో నవ్వులు. ఆ తర్వాత 600 మీటర్లు అందరినీ ఒకేసారి పరుగెత్తించారు. ఇది అందరికంటే వెనక. చివరి రౌండు ఒక్కతే. మిగతా ముప్పై తొమ్మిది మందీ గట్టు మీద కూర్చుని నీళ్ళు తాగుతూ చూస్తున్నారు. కొందరు చప్పట్లు కొట్టారట. వెక్కిరింపుగా కాదు, మంచి మనసుతోనే. నవ్వుల కంటే ఆ చప్పట్లే ఎక్కువ ఏడిపించాయంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లేచి ఆ పరీక్షల గురించి చదివాను. 600 మీటర్ల పరీక్ష పేరులోనే పరుగు లేదా నడక అని ఉంది. ఆయాసం వస్తే నడవొచ్చు. ఆ ముక్క పిల్లలకి ఎవరూ చెప్పలేదు!

పరీక్షలు పెట్టడం మీద నాకు కోపం లేదు. పరీక్ష పెట్టారు సరే, పాఠం ఎప్పుడు చెప్పారు? టైమ్‌టేబుల్లో వారానికి రెండు ఆటల పీరియడ్లున్నాయి. జూన్‌లో బడి తెరిచాక అవి ఏమయ్యాయో అడిగితే మా అమ్మాయి గడగడా చెప్పింది. సైన్స్ మేడంకి పోర్షన్ అవ్వలేదు, ఇచ్చేశారు. వాన పడింది, క్లాసులోనే కూర్చోబెట్టారు. ఆగస్టు 15కి మార్చింగ్, అందులో ఎంపికైనవాళ్ళు ఎండలో, కానివాళ్ళు వరండాలో. క్లాసంతా అల్లరి చేశారు, కట్. ఆటల సారు లెక్కల పీరియడ్ అప్పు తీసుకున్నాడని మీరెప్పుడైనా విన్నారా? అప్పు ఎప్పుడూ ఇటు నుంచే, తిరిగి రాదు కూడా.

ఇంకో తమాషా. అల్లరి చేస్తే ఆటల పీరియడ్ కట్. హోంవర్క్ చేయకపోతే గ్రౌండ్ చుట్టూ మూడు రౌండ్లు. పరుగు వరమా, శిక్షా? ఏదో ఒకటి తేల్చండి. మా కాలంలో గుంజీలు తీయించినట్టే ఇది కూడా. జిమ్‌లో అవే గుంజీలకి స్క్వాట్స్ అని పేరు పెట్టి నెలకింత అని ఫీజు కడుతున్నాం. నలభై ఏళ్ళొచ్చినా గుంజీ అనగానే నాకు చెవులు పట్టుకోవాలనిపిస్తుంది.

పోనీ పీరియడ్ జరిగిన రోజు ఏమవుతోంది? ఈ లెక్క కొంచెం ఓపిగ్గా చూడండి. పీరియడ్ 40 నిమిషాలు. మూడో అంతస్తు నుంచి లైన్లో దిగడానికి ఏడు, హాజరుకి అయిదు, జట్లు వేయడానికి ఎనిమిది, తిరిగి ఎక్కడానికి అయిదు. మిగిలింది పదిహేను. నలభై మంది పిల్లలు, ఒక బ్యాటు, ఒక బంతి. ఇద్దరు బ్యాటింగ్, ఒకడు బౌలింగ్, ఒకడు కీపింగ్. మిగతా వాళ్ళు ఫీల్డింగ్ అనే పేరుతో నిలబడటం. ఆడపిల్లలకి ఒక త్రోబాల్ ఇచ్చి ఓ మూలకి పంపుతారు. అక్కడా బాగా ఆడే ఆరుగురి మధ్యే బంతి తిరుగుతుంది. ఈ నాలుగు నెలల్లో నీ చేతికి బంతి ఎన్నిసార్లు వచ్చిందమ్మా అని అడిగాను. లెక్కపెట్టి చెప్పింది. అంటే లెక్కపెట్టగలిగినన్ని సార్లే వచ్చింది.

మన ఆటల పీరియడ్ ఆట వచ్చినవాళ్ళ కోసం నడుస్తోంది. నా గొడవంతా ఇదే. ఆట వచ్చినవాడు పీరియడ్ లేకపోయినా ఆడతాడు, లంచ్‌లో ఆడతాడు, బస్సు కోసం నిలబడి కూడా ఖాళీ బాటిల్‌తో ఫుట్‌బాల్ ఆడతాడు. పీరియడ్ అవసరమైంది మా అమ్మాయి లాంటి వాళ్ళకి. కూడికలు వచ్చిన పిల్లలకే లెక్కలు చెప్పి, రానివాళ్ళని గోడకి ఆనుకుని చూడమంటే ఊరుకుంటామా? ఆటల దగ్గర మాత్రం "మా వాడికి స్పోర్ట్స్ పడవండీ" అని మనమే నవ్వుతూ చెప్పేస్తాం. నేనూ చెప్పాను, చాలాసార్లు, అది పక్కనే నిలబడి వింటుండగా.

ఆ ఆటల సారుతో మాట్లాడాను. చెడ్డవాడు కాదు. "ఏన్ మాడోదు మేడం" (ఏం చేయమంటారు మేడం) అని కన్నడంలో మొదలుపెట్టి తన బాధ చెప్పుకున్నాడు. ఆరో తరగతి నుంచి పది దాకా సెక్షన్లన్నిటికీ ఆయనొక్కడే. గ్రౌండులో సగం స్కూలు బస్సులవి. పరీక్షల రోజుల్లో ఇన్విజిలేషన్, ఫంక్షన్ రోజుల్లో కుర్చీలు వేయించడం, గేటు దగ్గర ట్రాఫిక్, అన్నీ ఆయనే. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో బడికి ఆటస్థలం ఉండాలని రాసి ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మంది దాటితే వ్యాయామ విద్యకి పార్ట్‌టైమ్ టీచరు ఉండాలనీ ఉంది. పార్ట్‌టైమ్! చట్టమే సగం మనిషి చాలంటే, బడివాళ్ళు ఆ సగానికి కుర్చీలు అప్పజెప్పారు.

విజయవాడలోనో ఒంగోలులోనో అయితే ఎండండీ బాబూ అని ఒక సాకైనా ఉంటుంది. మేముండే బెంగళూరుకి అదీ లేదు. పైగా ఇది పేరుకి ఆటల ఊరు. ప్రకాశ్ పదుకోణ్, ద్రావిడ్ పెరిగిన ఊరు. జాతీయ హాకీ జట్ల శిబిరాలు జరిగే సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రం ఇక్కడే. నడిబొడ్డున కంఠీరవ స్టేడియం. అన్నీ ఉన్నాయి, ఎంపికైనవాళ్ళకి. ఔటర్ రింగ్ రోడ్ పక్కన అపార్ట్‌మెంట్‌లో ఉండే ఏడో తరగతి పిల్లకి ఏముంది? కింద గడ్డి మీద "బంతి ఆటలు నిషిద్ధం" బోర్డు. ఒకసారి ఎవరి కారు అద్దానికో బంతి తగిలితే అసోసియేషన్ గ్రూపులో మూడు రోజులు మహాభారతం నడిచింది. బయట టర్ఫ్ గంటకింత అని అద్దె, అదీ సాయంత్రం అయితే ఆఫీసు వాళ్ళు ముందే బుక్ చేసేసుకుంటారు.

అకాడమీలో చేర్పించకపోయావా అంటారు. చేర్పిద్దామనే వెళ్ళాం. బ్యాడ్మింటన్ కోచ్ దాన్ని పైనుంచి కిందకి చూసి వయసు అడిగాడు. పన్నెండంటే, "లేట్ అయిపోయింది మేడం" అన్నాడు. నేను ఒలింపిక్స్‌కి పంపమన్నానా? సాయంత్రం ఓ గంట చెమట పడితే చాలన్నాను. పన్నెండేళ్ళకే ఆలస్యమయ్యే విషయం ఏదైనా ఉందంటే అది మనం కనిపెట్టిందే.

మా అమ్మాయి ఒక్కతే అయితే ఇంత రాసేదాన్ని కాదు. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకి సగటున 60 నిమిషాలైనా ఒళ్ళు వేడెక్కేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. 11 నుంచి 17 ఏళ్ళ వాళ్ళలో ప్రపంచమంతా కలిపి 81 శాతం మంది ఆ మాత్రం కదలడం లేదని అదే సంస్థ 2019లో లెక్క తేల్చింది. అబ్బాయిల్లో 78, అమ్మాయిల్లో 85. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో ఏ అమ్మనడిగినా చెప్తుంది. తెల్ల యూనిఫాం. నెలసరి. గ్రౌండు పక్క బాత్రూముకి తాళం, తాళంచెవి ఆఫీసు గదిలో. ఒళ్ళు మారుతున్న వయసులో మగపిల్లల ముందు పరుగెత్తాలంటే సిగ్గు. "కడుపునొప్పి సార్" అంటే చాలు, సారు ఇంకేమీ అడగకుండా కూర్చోమంటాడు. అదో మర్యాద అనుకుంటాడు పాపం. సరిగ్గా ఆ ఏళ్ళలోనే ఎముక గట్టిపడాలి, గెంతడమూ బరువు మోయడమూ అప్పుడే కావాలి. ఆ గట్టు మీద కూర్చున్న పిల్ల ఇక లేవదు. నాకు తెలుసు, నేను లేవలేదు కాబట్టి.

కళ్ళజోడు సంగతి కూడా. దీనికి నంబరు పెరిగిందని కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళితే ఆవిడ మందు రాసే ముందు "రోజూ ఎంతసేపు బయట వెలుతురులో ఉంటుంది?" అని అడిగారు. తైవాన్‌లో 2010 నుంచి బడిపిల్లల్ని రోజుకి రెండు గంటలు ఆరుబయట ఉంచే కార్యక్రమం పెట్టారట, కళ్ళ కోసమే. మేమిక్కడ ఉన్న నలభై నిమిషాలు కూడా సైన్స్‌కి ఇచ్చేస్తున్నాం.

మా కాలంలో అయితే, అని ఎవరో కామెంట్లో మొదలుపెడతారు, అందుకే ముందే చెప్తున్నా. మా తెనాలి పక్క జిల్లా పరిషత్ హైస్కూల్లో పెద్ద గ్రౌండుండేది, డ్రిల్ మాస్టారుండేవారు, విజిల్ ఉండేది. మగపిల్లలకి కబడ్డీ, వాలీబాల్. మాకు టెన్నికాయిట్ రింగొకటి ఇచ్చి వేపచెట్టు కింద వదిలేసేవారు. సగం మంది రికార్డులు రాసుకునేవాళ్ళం. స్వర్ణయుగం ఏమీ కాదు.

ఒక్కటి మాత్రం బాగుండేది, అదీ బడిలో కాదు, వీధిలో. ఖోఖోకో ఏడు పెంకులాటకో జట్లు వేయాలంటే ముందు సమ ఉజ్జీలు కట్టేవాళ్ళం. దాదాపు ఒకేలా ఆడే ఇద్దరు జతగా పక్కకి వెళ్ళి రహస్యంగా పేర్లు పెట్టుకుని వచ్చి, "మల్లెపువ్వు కావాలా, బంతిపువ్వు కావాలా?" అని నాయకులని అడిగేవాళ్ళు. మల్లె అన్నవాడికి ఒకరు, మిగిలినవాడికి ఇంకొకరు. బాగా ఆడేవాళ్ళు రెండు పక్కలా పడేవాళ్ళు, నాలాంటి వాళ్ళూ రెండు పక్కలా పడేవాళ్ళు. చివరికి ఎవరికీ అక్కర్లేక మిగిలిపోవడం అనేదే ఉండేది కాదు. ఇప్పుడు మా అమ్మాయి క్లాసులో ఇద్దరు కెప్టెన్లు ఎదురుగా నిలబడి ఒక్కొక్కరినే ఎంచుకుంటారు. చివరికి మిగిలినదాన్ని "నువ్వే తీసుకో, నువ్వే తీసుకో" అని తోసుకుంటారు. వీధి పిల్లలకి తెలిసిన మర్యాద అంత ఫీజు కట్టే బడికి తెలియదా?

ఇంకొకరు జ్యోతి యర్రాజీ పేరు తెస్తారు. నాకూ ఆ అమ్మాయంటే గర్వమే. విశాఖలో పోర్ట్ హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె ఎత్తు చూసి, పరుగుకి పనికొస్తుందని గుర్తించాడు. ఆమె 100 మీటర్ల హర్డిల్స్‌లో 2023 ఆసియా చాంపియన్ అయింది. అలాంటి సార్లకి దండం. కానీ మనం ఆటల టీచర్‌ని తలుచుకునేది ఎవరో ఒకరు పతకం తెచ్చినప్పుడే. లెక్కల టీచర్‌ని రామానుజన్ పుట్టాడా లేదా అని కొలుస్తామా?

నేను అడిగేది పెద్దదేం కాదు. నలభై మందికి ఒక్క ఆట పెట్టకుండా నలుగురేసి చిన్న జట్లు చేసి పది బంతులివ్వండి. బంతులు లేకపోతే తల్లిదండ్రులం మేం కొంటాం, యాన్యువల్ డే డ్రెస్సులకి కట్టేదాంట్లో పదో వంతు కాదు. 600 మీటర్లు అయిదుగురేసి పరుగెత్తించండి, ఏ పిల్ల జూన్ టైముతో ఆ పిల్ల డిసెంబర్ టైమే పోల్చండి, పక్క పిల్ల టైముతో కాదు. బరువు చెవిలో చెప్పండి. బాత్రూము తాళం తీయండి.

ఇదంతా శనివారం పేరెంట్స్ మీటింగ్‌లో చెప్తానన్నాను. మా ఆయన "చెప్పు, నేనూ వస్తా" అన్నాడు. మా అమ్మాయి మాత్రం పెన్సిల్ కింద పెట్టేసి నా వైపు చూసింది.

"వద్దమ్మా. నువ్వడిగితే సోమవారం నన్నే ముందు పరుగెత్తిస్తారు."

అందుకని ముందు ఇక్కడ రాస్తున్నాను. ఆ బడిలో పిల్లలున్నవాళ్ళు ఈ పోస్టు చదివి బడి గుర్తుపడితే కామెంట్లో పేరు మాత్రం రాయకండి. శనివారం పదింటికి గేటు దగ్గర కలవండి. నలుగురం కలిసి అడిగితే ఎవరి పిల్లని ముందు పరుగెత్తించాలో వాళ్ళకి తెలియదు.