ఎర్ర రంగు లేని బ్రేకు కూడా ఒక బ్రేకేనా?

బ్రేకులున్నది కారు ఆపడానికే అన్నది పాతకాలపు అభిప్రాయం. ఆగడానికేముంది, పెట్రోలు అయిపోయినా ఆగుతుంది. బ్రేకు అసలు బాధ్యత అలాయ్ వీల్ సందుల్లోంచి కనబడటం. కంపెనీలు ఆ సంగతి పట్టించుకోకుండా బ్రేకులో భాగమైన కాలిపర్‌ని బూడిద రంగులోనే వదిలేసి, తుప్పు పట్టనిచ్చి, చక్రం వెనక దాచేస్తున్నాయి. ఈ అన్యాయాన్ని సరిదిద్దే భారం ఆదివారం పూట జాకీ, స్ప్రే డబ్బా చేతబట్టిన గృహస్థుల మీద పడింది. వాళ్లకు దక్కాల్సిన గౌరవం దక్కడం లేదు.

విమర్శకులు చెప్పేది కూడా వినాలి కాబట్టి విందాం. కాలిపర్ అంటే చక్రంతో పాటు తిరిగే డిస్క్‌ని పట్టుకునే పట్టుకారు. పెడల్ తొక్కగానే బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి లోపలి పిస్టన్ కదిలి, రాపిడి కోసం పెట్టిన ప్యాడ్లను డిస్క్‌కి అదుముతుంది. బండి వేగమంతా వేడిగా మారి గాల్లో కలుస్తుంది. వేగం రెట్టింపయితే ఆ వేడి నాలుగింతలు. ఇందులో రంగు చేసే పనేమీ లేదని వాళ్ల వాదన. నిజమే, లేదు. కానీ సిగ్నల్ దగ్గర పక్కన ఆగి మన చక్రం వైపు చూసేది భౌతికశాస్త్రం కాదు కదా, పక్క కారువాడు.

ఎరుపే ఎందుకంటే దానికో వంశచరిత్ర ఉంది. 1961లో ఇటలీలో మొదలైన బ్రెంబో కంపెనీ రేసు కార్లకు బ్రేకులు చేసి పేరు తెచ్చుకుంది. ఆ ఎర్ర కాలిపర్లను చూసి చూసి, ఎరుపు ఉంటే బ్రేకు గట్టిదని జనానికి నమ్మకం కుదిరింది. పోర్షేవాళ్లయితే రంగులకు అర్థాలు కూడా పెట్టుకున్నారు. మామూలుగా పసుపు కాలిపర్ కనబడితే లోపల సిరామిక్ డిస్క్ ఉన్నట్టు, తెలుపు కనబడితే డిస్క్ మీద టంగ్‌స్టన్ కార్బైడ్ పూత ఉన్నట్టు. వాళ్ల పద్ధతిలో పార్టు ముందు, రంగు తర్వాత. మన గృహస్థు ఈ వరసను తిరగేసి బోలెడు ఖర్చు తగ్గించాడు. రంగు ఇవాళే, పార్టు ఎప్పుడైనా.

ఇక పని విధానం. చక్రం విప్పి, జాకీ మీదే నమ్మకం పెట్టుకోకుండా స్టాండు వేసి, వైర్ బ్రష్‌తో తుప్పు గీకి, బ్రేక్ క్లీనర్‌తో జిడ్డు వదిలించి, దుమ్ము పోకుండా ఉండే రబ్బరు తొడుగులకీ, ఆయిల్ బయటికి వదిలే బ్లీడర్ నిప్పిల్‌కీ మాస్కింగ్ టేప్ చుట్టి, డిస్క్‌ని పేపర్‌తో కప్పి, వేడి తట్టుకునే పెయింట్‌ని పల్చగా రెండు మూడు కోట్లు, మధ్యలో ఆరనిచ్చి వేయాలి. ఇదంతా డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, అందుకే ఎవరూ చదవరు. మూడు కోట్లూ ఒకేసారి దట్టిస్తే టైం కలిసొస్తుంది. కాలిపర్ కింది అంచున పెయింట్ జారి చుక్క కట్టి, అందులో బ్రష్ వెంట్రుక ఒకటి ఇరుక్కుని అలాగే గట్టిపడితే, అది చేతిపని అనడానికి సాక్ష్యం. ఇంట్లో గేటుకి వేయగా మిగిలిన ఎనామిల్ వాడితే మరో లాభం. కొండ దారి దిగే కొద్దీ వేడికి ఎరుపు మెరూన్ అవుతుంది, మెరూన్ గోధుమ అవుతుంది. ఒక డబ్బా ధరకు మూడు రంగులు.

కాలిపర్ అటూ ఇటూ జరగడానికి స్లైడ్ పిన్నులని ఉంటాయి. పెయింట్ వాటిలోకి పోయి బిగుసుకుందనుకోండి, ఒకవైపు ప్యాడే అరుగుతుంది. రెండో ప్యాడ్ కొత్తదిలా మిగిలిపోవడాన్ని పొదుపు కింద జమ వేసుకోవాలి.

వెనక చక్రాలకు డిస్క్, కాలిపర్ బదులు డ్రమ్ము బ్రేకులే ఉన్నవాళ్లు దిగులు పడక్కర్లేదు. డ్రమ్ముకే ఎరుపు పూసేవాళ్లున్నారు. మరీ పట్టుదల ఉన్నవాళ్ల కోసం కాలిపర్ ఆకారంలో ప్లాస్టిక్ తొడుగులు దొరుకుతాయి. కాలిపర్ లేనిచోట కాలిపర్ కనబడేలా చేయడం కంటే పెద్ద ఇంజనీరింగ్ నాకైతే తోచడం లేదు.

చక్రం విప్పినప్పుడు ప్యాడ్ మందం ఎంత మిగిలిందో ఎదురుగానే కనబడుతుంది. దాన్ని చూడకుండా మధ్యాహ్నమంతా అక్కడే కూర్చోవడానికి ఎంతో ఏకాగ్రత కావాలి. బ్రేక్ ఆయిల్ సంగతి ఇంకా సులువు, అది బానెట్ కింద ఉంటుంది, చక్రం సందుల్లోంచి కనబడదు. గాల్లోని తేమను పీల్చుకోవడం దాని గుణం. ప్రమాణాల ప్రకారం డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగుతుంది. మరిగితే లోపల ఆవిరి చేరి పెడల్ మెత్తగా కిందికి పోతుంది, బండి మాత్రం ముందుకే పోతుంది. అందుకే చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి. అయితే ఈ ఆయిల్ పెయింట్‌ని తినేస్తుంది. మార్చేటప్పుడు నిప్పిల్ దగ్గర ఒక్క చుక్క జారినా ఆదివారం శ్రమంతా పొరలు పొరలుగా లేచొస్తుంది. రంగు బాగోగులు కోరేవాళ్లు ఆయిల్ జోలికి పోకపోవడంలో తప్పు పట్టడానికేముంది?

వాహన తనిఖీలో పెయింట్ మందాన్ని కూడా కొలవాలని నా డిమాండ్. ఎందుకంటే ప్యాడ్ల తయారీదారులు మరీ పక్షపాతంగా ఉన్నారు. చాలా ప్యాడ్లకు చిన్న రేకు ముక్క ఒకటి పెడతారు. ప్యాడ్ అరిగిపోవచ్చేసరికి అది డిస్క్‌కి రాసుకుని కీచుమంటుంది. పెయింట్ లేచిపోయినప్పుడు అరిచే ఏర్పాటు మాత్రం ఇంతవరకూ ఎవరూ చేయలేదు.

ఆ కీచుమోతకు తట్టుకోలేక ఒకాయన బండిని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాడు.

"సార్, ప్యాడ్లు అయిపోయాయి. ఇవాళే మార్చేయాలి."

"మారిస్తే కాలిపర్ విప్పాలా?"

"విప్పకుండా ఎలా సార్?"

"బోల్టుల దగ్గర పెయింట్ లేస్తుందేమోనయ్యా. ఆ చప్పుడొక్కటి ఆగేలా ఏదైనా స్ప్రే ఉంటే కొట్టు."